నైట్ డ్యూటీ దిగాక పగలు ఎలా నిద్రపోవాలి?

"పగలు నిద్ర పట్టదండీ." నైట్ డ్యూటీ చేసేవాళ్లని ఎవర్ని కదిపినా ఇదే మాట. ఎలా పడుతుంది మరి? ఉదయం ఎనిమిదికి డ్యూటీ దిగి, గేటు బయట టీ తాగి, ఎలాగూ బయటే ఉన్నాం కదా అని రైతుబజారుకి వెళ్లి, బ్యాంకు పని చూసుకుని, ఇంటికొచ్చి టిఫిన్ తిని, బట్టలు మెషిన్‌లో వేసి, మంచమెక్కి ఫోన్ తీసి, పన్నెండింటికి కళ్లు మూస్తే రెండున్నరకి కొరియర్ అబ్బాయి బెల్లు కొడతాడు. ఆ రెండున్నర గంటల నిద్రతో రాత్రికి మళ్లీ పన్నెండు గంటల డ్యూటీ. నేను ఆసుపత్రిలో ఏళ్ల తరబడి నైట్లు చేస్తున్నాను, కొత్తగా చేరిన పిల్లలకి పని నేర్పుతున్నాను, వాళ్లకి వార్డు పని కంటే ముందు పగలు పడుకోవడం నేర్పాల్సి వస్తోంది. ఐటీ షిఫ్టులు, ఫార్మా ప్లాంట్లు, సెక్యూరిటీ, రైల్వే, రాత్రి పని ఎక్కడ చేసినా ఈ పద్ధతే పనికొస్తుంది.

నిద్ర తగ్గితే ఒళ్లు బరువుగా ఉంటుంది, అంతే కదా అనుకోకండి. మా పనిలోనే చూడండి. మన దగ్గర ఇన్సులిన్ రెండు బలాల్లో దొరుకుతుంది. మిల్లీలీటరుకి 40 యూనిట్లు ఉండే వయల్‌కి ఎర్ర మూత సిరంజి, 100 యూనిట్లు ఉండే వయల్‌కి నారింజ మూత సిరంజి. 100 వయల్‌లోంచి ఎర్ర మూత సిరంజితో తీస్తే పేషెంటుకి రెండున్నర రెట్లు మందు వెళ్తుంది. తెల్లవారుజామున ఐదింటికి, ట్యూబ్‌లైట్ కింద, నిద్ర చాలని కళ్లకి ఎరుపూ నారింజా ఒక్కలాగే కనిపిస్తాయి. అందుకే ఆ వేళ ఇన్సులిన్ ఇంకొకరికి చూపించకుండా ఇవ్వొద్దని చెబుతాను. ఇక మన ఒంటి సంగతి: నిద్ర తక్కువైతే ఆకలి పుట్టించే హార్మోన్ పెరుగుతుంది, కడుపు నిండిందని చెప్పేది తగ్గుతుంది, ఇన్సులిన్ సరిగా పనిచేయదు. నైట్లు చేసేవాళ్లు సమోసాల మీద పడటానికి, కొన్నాళ్లకి షుగర్, బీపీ మొదలవడానికి ఇది ఒక కారణం. జలుబు ఓ పట్టాన తగ్గదు, ఇంట్లో ఊరికే అరిచేస్తాం. రాత్రి షిఫ్టు పనిని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2007లోనే క్యాన్సర్ కారకం అయ్యే అవకాశం ఉన్న వాటిలో చేర్చింది, 2019లో మళ్లీ చూసి అక్కడే ఉంచింది. ఉద్యోగం మానలేం కాబట్టి, చేయగలిగింది నిద్రని కాపాడుకోవడమే.

"నాకు ఐదారు గంటలు చాలు, అలవాటైపోయింది" అనేవాళ్ల మాట నమ్మొద్దు. అమెరికాలో 2003లో వెలువడిన ఒక ప్రయోగంలో కొందరిని రెండు వారాల పాటు రోజుకి ఆరు గంటలే పడుకోనిచ్చారు. చివరికి వాళ్ల చురుకుదనం రాత్రంతా జాగారం చేసినవాళ్ల స్థాయికి పడిపోయింది. తమకి మాత్రం కాస్త మగతగా ఉందంతే అనుకున్నారు. పెద్దవాళ్లకి ఏడు గంటలు తక్కువలో తక్కువ.

కావలసినవి

కళ్లకి కట్టుకునే నల్లటి మాస్క్, మెడికల్ షాపులో దొరికే ఫోమ్ ఇయర్‌ప్లగ్స్, ముదురు రంగు చలువ కళ్లజోడు, మందపాటి దుప్పటి, తలుపుకి తగిలించడానికి ఒక అట్టముక్క. అంతే. ఖరీదైన కర్టెన్లు అక్కర్లేదు.

గది

కిటికీకి దుప్పటిని లోపలి వైపు నుంచి, అంచుల్లో సందు లేకుండా కట్టండి. చెయ్యి చాపితే వేళ్లు కనిపించనంత చీకటి ఉండాలి. ఎండాకాలంలో కిటికీలో కూలర్ పెట్టేవాళ్లకి దాని చుట్టూరా వెలుగు దూరిపోతుంది, అక్కడ నల్ల చార్ట్ పేపర్ అతికించండి, గాలి వచ్చే వైపు మాత్రం మూయొద్దు. ఫ్యాన్ ఫుల్లులో పెడితే చల్లదనంతో పాటు దాని హోరులో ఉల్లిపాయల ఆటో మైకు సగం మునిగిపోతుంది. అట్టముక్క మీద "నైట్ డ్యూటీ. బెల్ కొట్టవద్దు" అని పెద్దక్షరాలతో రాసి గుమ్మానికి తగిలించండి. పక్కింటి పిన్నిగారికి ఒకసారి చెప్పి పెట్టండి, పార్సిళ్లు ఆవిడే తీసుకుంటారు.

డ్యూటీలో ఉండగానే

కాఫీ, టీలు రాత్రి రెండింటితో ఆపేయాలి. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. ఐదింటికి అందరూ కలిసి తాగే ఆ స్ట్రాంగ్ టీ పగటి నిద్రని తినేస్తుంది. ఒంటి గంట దాటాక బిర్యానీలు వద్దు. ఆకలేస్తే పెరుగన్నం తినాలి, వేరేది వద్దు.

డ్యూటీ దిగిన దగ్గర్నుంచి మంచం దాకా

అందరూ పాడుచేసుకునేది ఇక్కడే. మంచం మీద దొర్లుతూ నిద్ర పట్టడం లేదని బాధపడతారు గానీ, అప్పటికే దాన్ని దారిలో పోగొట్టుకుని వచ్చి ఉంటారు. ఈ భాగం నిదానంగా చదవండి.

మెదడు లోపల, కళ్ల వెనకాల, శరీరానికంతటికీ వేళ చెప్పే గడియారం లాంటి చిన్న భాగం ఒకటుంది. దానికి పొద్దు పొడిచిందని తెలిసేది కంట్లో పడే వెలుగుతో. ఇలాంటి గడియారాలు కణాల్లో ఎలా నడుస్తాయో కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలకి నోబెల్ వచ్చింది. చీకట్లో ఒంట్లో నిద్ర వేళయిందని చెప్పే మెలటోనిన్ అనే హార్మోన్ ఊరుతుంది, ఉదయపు ఎండ కంట్లో పడగానే అది తగ్గిపోతుంది, ఒళ్లు పగటి పనికి సిద్ధమైపోతుంది. ఇంట్లో లైట్ల వెలుగు కొన్ని వందల లక్స్ (వెలుగుని కొలిచే యూనిట్) మాత్రమే, మబ్బు పట్టిన రోజైనా బయట వేలల్లో ఉంటుంది. అంటే రైతుబజారులో అరగంట బెండకాయలు ఏరుకున్నారంటే మెదడుకి "పొద్దెక్కింది, లే" అని అరగంట పాటు చెప్పినట్టే. అందుకే డ్యూటీ దిగాక బయట ఒక్క నిమిషం కూడా అనవసరంగా నిలబడకూడదు. టీ కొట్టు దగ్గర ముచ్చట్లు వద్దు, కూరగాయలు వద్దు, బ్యాంకు వద్దు. ఆ పనులన్నీ సాయంత్రం లేచాక.

బయటికి అడుగు పెట్టేముందే చలువ కళ్లజోడు పెట్టుకోండి. కానీ ఒక షరతు, దీన్ని సగం విని వదిలేస్తే ప్రాణం మీదికి వస్తుంది: బండి మీరు నడపనప్పుడు మాత్రమే. బస్సులోనో, మెట్రోలోనో, ఆఫీసు క్యాబ్‌లోనో, ఇంకొకరి బండి వెనకాలో కూర్చుని వెళ్లేవాళ్లకే ఈ చిట్కా. బండి నడిపేవాళ్లని ఆ కాస్త మేలుకొలిపి ఉంచేది ఎండే. దాన్నీ నల్లద్దాలతో మూసేస్తే హ్యాండిల్ మీదే తూగుతారు.

లెక్క చూడండి. నిన్న మధ్యాహ్నం రెండింటికి లేచిన మనిషి ఈరోజు ఎనిమిదికి డ్యూటీ దిగేసరికి 18 గంటలుగా మెలకువగా ఉన్నట్టు. 17 గంటలు దాటి మేలుకున్నవాళ్ల చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాళ్ల స్థాయికి పడిపోతుందని ప్రయోగాల్లో తేలింది. మన చట్టం మందు తాగి నడిపేవాళ్లకి పెట్టిన హద్దు 0.03 శాతం. చుక్క ముట్టకుండానే ఆ హద్దు దాటిన మనిషితో సమానం మీరు, అదీ ఊరంతా ఆఫీసులకి బయల్దేరే ట్రాఫిక్‌లో. కళ్లు తెరిచే ఉన్నా మెదడు కొన్ని సెకన్లు ఆగిపోయే కునుకులు ఉంటాయి, వచ్చినట్టు కూడా తెలియదు. గంటకి 50 కిలోమీటర్ల వేగంలో నాలుగు సెకన్ల కునుకంటే 55 మీటర్లు చూడకుండా వెళ్లిపోయినట్టు. దాటొచ్చిన సిగ్నల్ ఎర్రగా ఉందా పచ్చగా ఉందా అంటే గుర్తు రావడం లేదా? అయితే ఆ కునుకు వచ్చే ఉంటుంది. వెంటనే పక్కకి ఆపండి. పాటలు పెంచడం, హెల్మెట్ అద్దం ఎత్తడం, మొహాన నీళ్లు చల్లుకోవడం, బబుల్‌గమ్ నమలడం, ఇవన్నీ కాసేపే. నిద్ర తీర్చేది నిద్రే.

అందుకని నైట్లు ఉన్న వారం బండి తీయకూడదు. ఇందులో బేరం లేదు. "అక్కా, మా కాలనీకి బస్సు లేదు" అంటారు పిల్లలు. మెట్రో స్టేషన్ నుంచి షేర్ ఆటో ఉంటుంది, నాలుగు డబ్బులు ఎక్కువైనా పర్లేదు. అసలు ఏ దారీ లేకపోతే డ్యూటీ దిగాక రెస్ట్ రూమ్‌లో 20 నిమిషాలు అలారం పెట్టుకుని కునుకు తీయండి. లేచాక ఇంకో పావుగంట ఆగండి, లేచీ లేవగానే ఉండే మత్తు మామూలు మగత కంటే ప్రమాదం. అప్పుడు కళ్లజోడు లేకుండా, నెమ్మదిగా, ఎడమ పక్కగా వెళ్లండి. ఆ కునుకు వల్ల ఇంటి దగ్గర నిద్ర పట్టడం కాస్త ఆలస్యం కావచ్చు. కానివ్వండి.

ఇంటికి చేరాక గంటలోపు మంచం మీద ఉండాలి. గోరువెచ్చటి నీళ్లతో స్నానం, రెండు ఇడ్లీలు, పక్క. పూరీలు, పెసరట్టు ఉప్మా సాయంత్రానికి దాచమనండి. ఖాళీ కడుపుతో పడుకుంటే పన్నెండింటికి ఆకలే లేపుతుంది. పూజ ఉంటే దీపం పెట్టి రెండు నిమిషాల్లో ముగించండి, మిగతాది సాయంత్రం చేసుకోవచ్చు. ఫోన్ హాల్లో, మ్యూట్‌లో. ఇంట్లో ఇద్దరి నంబర్లకి మాత్రం మోగేలా పెట్టుకుంటే "ఎమర్జెన్సీ వస్తే ఎలా" అన్న టెన్షన్ ఉండదు.

"ముందు ఇంటి పనులన్నీ చేసుకుని, మధ్యాహ్నం ఒంటి గంటకి పడుకుంటే ప్రశాంతంగా ఉంటుంది" అనే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది. మన ఇళ్లలో అది కుదరదు. ఒంటి గంట అంటే పక్కింట్లో కుక్కర్ విజిల్స్, మూడున్నరకి స్కూల్ ఆటోలు, నాలుగింటికి పిల్లల క్రికెట్. పైగా పొద్దెక్కే కొద్దీ ఒళ్లు పగటి చురుకులోకి వెళ్లిపోతుంది కాబట్టి మధ్యాహ్నం పట్టే నిద్ర కలత నిద్రే. తొమ్మిదిన్నరకి పడుకుని నాలుగున్నరకి లేచేదే సరైన పద్ధతి.

పడుకున్నాక

ఇయర్‌ప్లగ్స్, మాస్క్. మధ్యలో మెలకువొస్తే టైము చూడకండి. అరగంట దొర్లినా పట్టకపోతే చీకట్లోనే లేచి కూర్చోండి, మళ్లీ మగత వచ్చాక వాలండి. లేచాక డాబా మీదికో వీధిలోకో వెళ్లి సాయంత్రపు వెలుగులో కాసేపు నడవండి. నిద్ర ఏడు గంటలకి తగ్గితే డ్యూటీకి బయల్దేరే ముందు అరగంటలోపు కునుకు వేయండి.

సెలవు రోజు

ఆఫ్ దొరకగానే తెల్లారి ఆరింటికి లేచి మామూలు మనిషిలా తిరిగితే గడియారం మళ్లీ మొదటికొస్తుంది, తర్వాతి నైటు నరకమే. అలాగని సెలవంతా పగలు పడుకుంటే ఇంట్లోవాళ్ల మొహం చూడలేం. సెలవు రాత్రి రెండున్నర మూడు దాకా మేలుకుని పదింటి దాకా పడుకోండి. మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ కలిసి భోజనం చేయొచ్చు, నిద్ర వేళ కూడా మరీ చెదరదు. పెళ్లిళ్లు, తద్దినాలు ఉన్న రోజు ఎలాగూ తప్పదు, ముందు రోజే ఒక గంట ఎక్కువ పడుకుని పెట్టుకోండి.

నిద్రమాత్రల సంగతి

నిద్ర కోసం ఆల్ప్రజోలం లాంటివి తెలిసిన మెడికల్ షాపులో అడిగి వేసుకునేవాళ్లని చూస్తూనే ఉన్నాను. అది డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందు, అలవాటు పడితే మానడం చాలా కష్టం. మద్యం తాగి పడుకునేవాళ్లకీ అదే చెబుతాను: త్వరగా నిద్ర పడుతుంది నిజమే, రెండు మూడు గంటల తర్వాత ముక్కలు ముక్కలైపోతుంది. పైన చెప్పినవన్నీ నెల రోజులు గట్టిగా పాటించినా నిద్ర పట్టకపోతే, లేదా పెద్దగా గురక పెడుతూ ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తున్నారని ఇంట్లోవాళ్లు చెబితే, డాక్టర్ దగ్గరికి వెళ్లండి. వెళ్లేముందు రెండు వారాల పాటు డ్యూటీ ఎప్పుడు దిగారు, ఎప్పుడు పడుకున్నారు, ఎన్నిసార్లు మెలకువొచ్చింది, ఎప్పుడు లేచారు, ఆఖరి టీ ఎన్నింటికి తాగారు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. డాక్టర్ మొదట అడిగేది అవే.