వాననీళ్లు మీ వీధిలో ఎందుకు ఆగుతున్నాయి: మున్సిపాలిటీకి దరఖాస్తు రాసే ముందు చేయాల్సిన పని

"మా వీధిలో నీళ్లు నిలుస్తున్నాయి, కాలువ కట్టించండి" అని ఒక్క ముక్క రాసిచ్చే దరఖాస్తు సాధారణంగా ఫైల్లోనే ఉండిపోతుంది. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఎక్కడ కలవాలి, మధ్యలో ఏ ముక్క ఏ శాఖది అన్నది రాస్తే ఇంజినీరు చేతికి పని దొరుకుతుంది. ఇక్కడ చెప్పేది తెలంగాణ చిన్న పట్టణాల సంగతి. ఏప్రిల్, మే నెలల్లో మొదలుపెట్టండి. కాలువల అడుగు కనబడేది అప్పుడే.

మన పట్టణాలు చాలావరకు గొలుసుకట్టు చెరువుల మధ్య పెరిగినవి. పై చెరువు నిండి మత్తడి (అదనపు నీళ్లు పొర్లిపోయే చోటు) దూకితే నీళ్లు ఒర్రె (చిన్న వాగు) పట్టుకుని కింది చెరువుకు చేరాలి. ఆ ఒర్రె మీద ప్లాట్లు పడితే నీళ్లు రోడ్డెక్కుతాయి. 2021 సెప్టెంబరులో సిరిసిల్ల వీధుల్ని ముంచింది కొత్తచెరువు నీళ్లే. అందుకే ముందు సర్వే, ల్యాండ్ రికార్డుల ఆఫీసు నుంచి గ్రామ నక్ష (పటం) తీసుకోండి. శిఖం (చెరువు నీళ్లు నిలిచే భూమి), ఒర్రెలు అందులో గీసి ఉంటాయి. దాన్ని గూగుల్ ఎర్త్‌లోని పాత సంవత్సరాల చిత్రాలతో పోల్చితే ఒర్రె ఎక్కడ మాయమైందో తెలుస్తుంది. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 పటం ఈ పనికి రాదు. అందులో ఎత్తు గీతలు 20 మీటర్లకొకటి ఉంటాయి, మీ వీధి వాలు మహా అయితే మీటరు.

వాలు చూడటానికి మేస్త్రీల వాటర్ లెవల్ గొట్టం చాలు. 15 మీటర్ల తెల్లగొట్టంలో గాలి బుడగ లేకుండా నీళ్లు నింపి, రెండు కొసలూ కాలువ అంచున నిలబెట్టండి. రెండు చోట్లా నీటి మట్టం నుంచి కాలువ అడుగు దాకా టేపుతో కొలవండి. దిగువ కొసలో లోతు ఎక్కువ రావాలి. 100 మీటర్లకు అర మీటరు వాలుంటే నీళ్లు బాగా పారతాయి. ఎదురువాలు ఉన్నచోట ఎంత పూడిక తీసినా లాభం లేదు. పాత రోడ్డు తవ్వకుండా దానిమీదే కొత్త సీసీ రోడ్డు పోస్తే ఇళ్ల గడపలు రోడ్డు కంటే కిందికి పోతాయి. అది కాలువ తప్పు కాదు, విడిగా రాయండి.

తర్వాత కల్వర్టు, అంటే రోడ్డు కింద నీళ్లు దాటే దారి. 50 మిల్లీమీటర్ల వాన 10 ఎకరాల కాలనీ మీద పడితే 20 లక్షల లీటర్లు. మూడడుగుల వెడల్పు, మూడడుగుల లోతున్న కాలువ వచ్చి రెండడుగుల పైపులో దూరాలంటే దారి మూడో వంతుకు తగ్గుతుంది. ఆ మూతి దగ్గరే చెత్త ఇరుక్కుంటుంది, ఆ పైవాళ్లే మునుగుతారు.

ఇప్పుడు ఎవరి ముక్క ఎవరిదో రాయండి. చెరువు, మత్తడి నీటిపారుదల శాఖవి. శిఖం హద్దు తేల్చడంలో రెవెన్యూ వాళ్లుండాలి. ఊరి మధ్య ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) రోడ్డు కింది కల్వర్టు ఆ శాఖదే; మున్సిపాలిటీ దాన్ని ముట్టుకోవాలంటే అనుమతి కావాలి. పనులు ఏళ్ల తరబడి ఆగేది ఎక్కువగా ఇక్కడే. వీధి కాలువ, దాని మీద ఇళ్లవాళ్లు పోసుకున్న ర్యాంపులు మాత్రం మున్సిపాలిటీ చూసుకోవాలి. ర్యాంపు తీయించమంటే కౌన్సిలరు వెనకాడతాడు, అవి ఓట్లున్న ఇళ్లు మరి.

అసలు రాజకీయమంతా వార్డు గీత దగ్గర. ఎగువ వార్డులో కాలువ వెడల్పు చేస్తే ఆ నీళ్లు దిగువ వార్డు మీద పడతాయి కాబట్టి అక్కడి కౌన్సిలరు అడ్డుపడతాడు. అతని మాటలో న్యాయం ఉంది. పని దిగువ నుంచి, అంటే నీళ్లు కలిసే చోటు నుంచి పైకి రావాలని దరఖాస్తులోనే రాసి, రెండు వార్డుల వాళ్లూ సంతకాలు పెట్టండి. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) వేసే ఖర్చు అంచనా, కౌన్సిల్ ఆమోదం, సాంకేతిక మంజూరు, టెండరు, వర్క్ ఆర్డరు: ఏ మెట్టు దగ్గర ఉందో అడుగుతూ ఉండండి. పాలకవర్గం గడువు తీరితే ప్రత్యేకాధికారి దగ్గరికి వెళ్లాలి. కలెక్టరేట్లో సోమవారం జరిగే ప్రజావాణిలో (ఫిర్యాదులు తీసుకునే కార్యక్రమం) ఇచ్చినా రసీదు తీసుకోండి.

ఇదివరకే కాలువ కట్టినట్టు రికార్డులో ఉందంటే సమాచార హక్కు కింద 10 రూపాయల రుసుముతో అంచనా నకలు, ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) నకలు అడగండి. జవాబుకు గడువు 30 రోజులు. "ఎందుకు కట్టలేదు" అని అడిగితే పని జరగదు. కాగితం పేరు, వీధి, సంవత్సరం రాసి అడగాలి. ఎం-బుక్‌లోని పొడవు, లోతు టేపుతో సరిచూడండి.

పని మొదలైతే అడుగు కాంక్రీటు పోసే ముందు రోజు మళ్లీ గొట్టం పట్టుకుని వెళ్లండి. పోశాక ఎదురువాలు బయటపడితే పగలగొట్టడం తప్ప దారి లేదు, ఆ ఖర్చు ఏ అంచనాలోనూ ఉండదు.