ఆవు సరిగ్గా నమలట్లేదా? పళ్ళని తిట్టేముందు ఇవి చూడండి

మా గుంటూరు వైపు ఆవు మేత తగ్గించిందంటే చాలు, పక్కింటాయన వచ్చి నోరు తెరిచి చూసి "పళ్ళు పోయినయ్ రా, అమ్మేయ్" అంటాడు. నిజం చెప్పాలంటే పళ్ళ వల్ల వచ్చే తిప్పలు తక్కువ, వాటి మీద వేసే నిందలే ఎక్కువ. నోట్లో చెయ్యి పెట్టేముందు గాడిలో ఏం మిగిలింది, పేడలో ఏం కనపడుతుంది, పడుకున్నాక నెమరేస్తుందా లేదా, ఈ మూడూ చూస్కోండి.

పై పళ్ళు లేవు, కింది పళ్ళు కదులుతున్నయ్

ఇది అసలు రోగమే కాదు. ఆవుకి పైన ముందు పళ్ళు ఉండవ్, గట్టి మెత్త లాంటి చిగురు ఉంటది. గడ్డిని నాలుకతో చుట్టి లాగి, కింది 8 పళ్ళని ఆ చిగురుకి ఆనించి తెంపుద్ది. కింది పళ్ళు కాస్త కదలడం కూడా మామూలే. నమిలే పనంతా లోపలున్న 24 దవడ పళ్ళది. పెయ్యకి పళ్ళూడినా కంగారొద్దు, సుమారు రెండేళ్ళకి మొదటి జత పాలపళ్ళు పోయి పెద్ద పళ్ళొస్తయ్, నాలుగేళ్ళు దాటేసరికి నాలుగు జతలూ మారిపోతయ్. మన ఎడ్ల పందేల్లో రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విభాగాలు పెట్టేది ఈ లెక్కనే.

నమిలిన గడ్డి ఉండలు కింద పడేస్తుంది

ఇది మాత్రం నోటి సమస్యే. గాడి కింద నిమ్మకాయంత తడి ఉండలు పడుంటయ్, చేత్తో విడదీస్తే గడ్డి సగమే నలిగి ఉంటది. తల ఒక పక్కకి వంచి నములుద్ది, నోరు కంపు కొడుద్ది, పేడలో పొడుగు పరకలు, మొక్కజొన్న గింజలు అట్టానే వచ్చేస్తయ్. కారణం ఏంటంటే పై దవడ కింది దవడ కన్నా వెడల్పు, ఆవు పక్కకి రాసి నములుద్ది కాబట్టి పై పళ్ళకి బయటి అంచు, కింది పళ్ళకి లోపలి అంచు పదునెక్కి బుగ్గనీ నాలుకనీ గీరేస్తయ్. లేదా పన్ను విరిగుండొచ్చు, చొప్ప ముక్కో ముల్లో ఇరుక్కోనుండొచ్చు. డాక్టర్ నోరు మూసుకోకుండా పట్టి ఉంచే పరికరం (గ్యాగ్) పెట్టి, టార్చ్ వేసి చూసి, అంచులు ఆకురాయితో రాసేస్తారు. మీరు ట్రై చెయ్యొద్దు, దవడ పళ్ళ మధ్య పడితే వేలు దక్కదు. ఈలోపు గడ్డి చాఫ్ కట్టర్‌లో అంగుళం, అంగుళంన్నర ముక్కలు చేసి, దాణా నానబెట్టి పెట్టండి. మరీ పొడి చేస్తే నెమరు తగ్గిపోద్ది, అది ఇంకో తలనొప్పి.

చొంగ కారుతుంది

జ్వరం, నాలుక మీద బొబ్బలు, చప్పరిస్తున్న శబ్దం, కుంటడం, ఇవి కలిసి ఉంటే గాలికుంటు. వెంటనే మందలోంచి వేరు చేసి డాక్టర్‌ని పిలవండి, ఆరు నెలలకోసారి టీకా మానొద్దు. ఉన్నట్టుండి చొంగ మొదలై ఎడమ డొక్క ఉబ్బితే గొంతులో మామిడి టెంకో తాటి టెంకో అడ్డం పడినట్టు, నీళ్ళూ నూనే పొయ్యొద్దు, పశువుల అంబులెన్స్ నంబర్ 1962కి ఫోన్ కొట్టండి. దవడ ఎముక మీద గట్టి గడ్డ ఉన్నా, నాలుక బిగుసుకుపోయినా ముందే చూపిస్తే మందుకి లొంగే అవకాశం ఎక్కువ.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నా, మింగలేకపోతూ అరుపు మారి పిచ్చిగా ప్రవర్తిస్తుంటే అది రేబిస్ అయ్యుండొచ్చు, ఏదో ఇరుక్కుందని నోట్లో చెయ్యి పెట్టొద్దు.

పళ్ళు బానే ఉన్నయ్, నెమరు మాత్రం లేదు

విజయవాడలో పెళ్ళిళ్ళ సీజన్‌లో ఎక్కువగా చూసేది ఇదే. ఫంక్షన్ హాల్లో మిగిలిన అన్నం, పులిహోర పుణ్యం వస్తదని గంపలకి గంపలు ఆవు ముందు పోస్తారు, అది ఆబగా తినేస్తది, తెల్లారేసరికి నెమరు బంద్, పేడ నీళ్ళలా పుల్లటి వాసనతో. అన్నంలో పిండి పదార్థం పెద్ద కడుపులో పులిసి ఆమ్లం అయిపోద్ది. మామూలుగా నెమరేసేటప్పుడు ఊరే లాలాజలం, పెద్ద ఆవుకి రోజుకి 100 లీటర్ల పైమాటే, ఆ ఆమ్లాన్ని విరుస్తది, నెమరు ఆగితే అదీ తగ్గిపోద్ది.

అన్నం, దాణా రెండూ ఆపేసి ఎండుగడ్డి పెట్టండి. వంట సోడా ఇస్తారు గానీ ఎంతనేది బరువు బట్టి డాక్టరే చెప్పాలి. లేవలేకపోతుంటే సెలైన్ కావాలి, ఆలస్యం చెయ్యొద్దు.

నెమరు లెక్క ఇట్టా చూడండి, మధ్యాహ్నం పడుకున్నప్పుడు గొంతులోంచి ముద్ద పైకి రావడం కనపడుద్ది, అక్కడ్నుంచి మింగేదాకా 40 నుంచి 70 సార్లు నమలాలి, మింగిన కొన్ని సెకన్లకే ఇంకో ముద్ద రావాలి. బాగా తగ్గిందంటే మేతలో పీచు చాలట్లేదు, తవుడు, నూనెగింజల చెక్క తగ్గించి వరిగడ్డో చొప్పో పెంచండి.

పళ్ళ మీద గోధుమ రంగు మచ్చలు

కనిగిరి వైపు లాంటి ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన పశువుల్లో కనపడతయ్. పళ్ళు తొందరగా అరిగిపోతయ్, మచ్చలు పోవు, నీళ్ళు మార్చడమే మార్గం. కొనేటప్పుడే పెదవి ఎత్తి చూస్కోండి.

లోకల్ ఆసుపత్రిలో తేలకపోతే బెజవాడ వాళ్ళకి గన్నవరం వెటర్నరీ కాలేజీ దగ్గరే. వెళ్ళేముందు అది నములుతుండగా ఫోన్‌లో వీడియో తీసి, ఆ రోజు పేడ కొంచెం కవర్లో పట్టుకెళ్ళండి, ఎందుకంటే ఆసుపత్రి గేటు దగ్గరకెళ్ళాక బెదిరిపోయి ఏ ఆవూ నెమరెయ్యదు.