రాకుమారుడి పియానో క్వార్టెట్‌ని ఎలా వినాలి

విశాఖ ఎంవీపీ కాలనీలో నా దగ్గర వయొలిన్ నేర్చుకునేవాళ్లకి స్వరకర్త కూడా అయిన ప్రష్యా (పాత జర్మన్ రాజ్యం) రాకుమారుడు లూయి ఫెర్డినాండ్‌ని తప్పకుండా వినిపిస్తాను. ముందు ఆయన ఎఫ్ మైనర్ పియానో క్వార్టెట్ (పియానో, వయొలిన్, వయోలా, సెల్లో కలిసి వాయించే రచన), ఓపస్ 6 (ఓపస్ అంటే రచన వరుస సంఖ్య) పెట్టండి. ఫోన్ స్పీకర్ వద్దు, వయొలిన్ జాతిలో మంద్రంగా పలికే పెద్ద వాద్యం సెల్లో మాయమైపోతుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. బీచ్ రోడ్డులో నడుస్తూ అసలొద్దు, అలల హోరు మెల్లని స్వరాలన్నీ మింగేస్తుంది.

మొదటిసారి పియానో వెంటే వెళ్లండి. ఆయన స్వయంగా గొప్ప పియానిస్టు, అందుకే బరువంతా అక్కడుంటుంది. రెండోసారి సెల్లో ఒక్కటే పట్టుకోండి. మన కచేరీలో వయొలిన్ గాత్రాన్ని అనుసరిస్తుంది. ఇక్కడ తీగవాద్యాలు పియానోకి బదులు చెబుతాయి. ఆ తేడా చెవికి అందితే చాలు, సగం పని అయినట్టే.

బీథోవెన్ తన మూడో పియానో కన్సర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి పియానో వాయించే రచన) ఈయనకే అంకితమిచ్చాడు. రాకుమారుడు 1806లో సాల్‌ఫెల్డ్ యుద్ధంలో 33 ఏళ్లకే పోయాడు. ఎంత నష్టమో! ఆయన స్మృతిలో స్వరకర్త డుసెక్ రాసిన ఓపస్ 61 పియానో సొనాటా కూడా వినండి.

పోషకుల సంగతికొస్తే, విజయనగరం సంస్థానం సంగీత కళాశాల పెట్టిన ప్రాంతం మనది, వేరే చెప్పక్కర్లేదు. 1809లో వియన్నా ప్రభువులు రుడాల్ఫ్, లోబ్‌కోవిట్జ్, కిన్‌స్కీ కలిసి బీథోవెన్‌కి ఏడాదికి 4000 ఫ్లోరిన్లు ఇస్తామన్నారు. రష్యా రాయబారి రజుమోవ్‌స్కీ కోరితే వచ్చినవి బీథోవెన్ ఓపస్ 59 క్వార్టెట్లు (ఇవి రెండు వయొలిన్లు, వయోలా, సెల్లోకి రాసినవి). మొదటిదాంతో మొదలుపెట్టండి, సెల్లోయే పాట ఎత్తుకుంటుంది.