మూడు పేటల పూసల హారం: పేటలు ఎక్కేస్తుంటే, లాకెట్ తిరిగిపోతుంటే

టేబుల్ మీద పరిచినప్పుడు చక్కగా ఉన్న హారం మెడలో వేసుకోగానే చిందరవందరైతే, చాలాసార్లు తప్పు చేతిపనిలో ఉండదు, కొలతలో ఉంటుంది. విప్పి మొత్తం మళ్ళీ గుచ్చే ముందు ఇవి చూడండి.

పేటలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి

ఎక్కువమందికి ఎదురయ్యేది ఇదే. మూడు పేటలనీ ఒకే పొడవుతోనో, అర సెంటీమీటరు తేడాతోనో గుచ్చి ఉంటారు. మెడ చుట్టూ కింది పేట పైదానికంటే పెద్ద వంపు తిరగాలి. దానికి సరిపడా పొడవు లేకపోతే పైపేట మీదికి ఎక్కుతుంది. ఛాతీ మీద వంపుని అరవృత్తం అనుకుంటే లెక్క తేలిక: పూస మందాన్ని 3.14తో గుణించండి. 6 మి.మీ. పూసలకు ఒక్కో పేటకు దాదాపు 19 మి.మీ. తేడా ఉండాలి, 4 మి.మీ. పూసలకు 12, 13 చాలు. పేటల మధ్య ఖాళీ కనిపించాలంటే ఇంకో సెంటీమీటరు కలపండి.

ఇప్పటికే క్రింప్ (వైరు కొసని పట్టి ఉంచడానికి నొక్కే చిన్న లోహపు పూస) నొక్కేశారా? పైపేటని ముట్టుకోకండి. కింది పేటల రెండు చివర్లలోనూ రెండు మూడు లింకుల సన్న గొలుసు ముక్క తగిలిస్తే పొడవు సర్దుకుంటుంది. రెండు వైపులా సమానంగా వేయండి, లేకపోతే పేట మధ్యభాగం పక్కకి జరుగుతుంది.

కొత్తగా చేసేటప్పుడు మాత్రం చివర్లు మూసే ముందు వాటికి టేపు అంటించి, అద్దం ముందు మెడకి పెట్టుకుని చూడండి. తల అటూ ఇటూ తిప్పండి. నడిపేట పైపేట కిందకి దూరడం అప్పుడే కనిపిస్తుంది. నాకైతే ఈ రెండు నిమిషాలు లేకుండా క్రింప్ నొక్కడానికి మనసొప్పదు.

లాకెట్ పక్కకి తిరిగి అంచు కనిపిస్తోంది

లాకెట్‌కీ దారానికీ మధ్య ఉన్న రింగులు లెక్కపెట్టండి. ఒక్కో రింగు లాకెట్‌ని పావు చుట్టు తిప్పుతుంది. ఒక రింగు కలిపినా, తీసినా ముఖం ముందుకి వస్తుంది. రింగుని తెరిచేటప్పుడు రెండు కొసలనీ దూరంగా లాగకండి. ఒకటి మీ వైపుకి, ఒకటి అవతలికి మెలితిప్పండి, గుండ్రం చెడదు.

లాకెట్ ఉన్నచోట పేటలన్నీ గుత్తిలా చేరుతున్నాయి

మూడు పేటలనీ లాకెట్ కొక్కెంలోంచే తీశారు. పొడవులు వేరైతే పై రెండిటినీ అది కిందికి గుంజుతుంది. లాకెట్‌ని కింది పేటకి మాత్రమే వేలాడదీయండి. గుత్తిలాగే కావాలనుకుంటే పేటలన్నీ దాదాపు ఒకే పొడవు ఉండాలి. రెండూ కలిపితే కుదరదు.

హారం వంగకుండా కర్రలా నిలబడుతోంది

వైరుని బాగా బిగించి, పేట నిటారుగా ఉండగానే చివర మూశారు. వంపు తిరిగేటప్పుడు పూసల మధ్య కాస్త చోటు కావాలి. మూసేటప్పుడు పేటని గిన్నె చుట్టూ ఆనించి, 1, 2 మి.మీ. వదులుంచండి.

దీనికి వ్యతిరేకంగా, కొన్నాళ్ళకి పూసల మధ్య దారం బయటపడుతుంటే అది నైలాన్ సాగడం వల్ల. గుచ్చే ముందే దారానికి చిన్న బరువు కట్టి రాత్రంతా వేలాడదీయండి. బరువైన రాతి పూసలకైతే నైలాన్ వద్దు, సన్నని స్టీలు తీగలు మెలేసి ప్లాస్టిక్ పూత వేసిన వైరే వాడండి.

పదేపదే ఒకేచోట తెగుతోంది

తెగిన కొసని వేలి మీద పెట్టి చూడండి. పోగులు విడిపోయి కుచ్చులా ఉంటే రాపిడి: పూస రంధ్రం అంచు కోసేస్తోంది. దాన్ని సన్నని ఆకురాయితో నున్నగా చేయండి, లేదా ఆ పూసే మార్చండి. కొస శుభ్రంగా కత్తిరించినట్టు ఉండి, తెగింది క్రింప్ దగ్గరే అయితే, పట్టకారుతో మరీ గట్టిగా నొక్కారు.

హుక్కు ముందుకి జారుతోంది

లాకెట్ కంటే హుక్కు బరువుగా ఉంది. చిన్న హుక్కు వేయండి.