రేంజ్‌ఫైండర్ ఫిల్మ్ కెమెరా కొనేముందు ఎలా పరీక్షించాలి?

లైకా సంస్థ 1984లో తెచ్చి 2002లో ఆపేసిన ఎమ్6 కెమెరాను 2022 అక్టోబరులో మళ్లీ విడుదల చేసినప్పటి నుంచి, విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో ఫిల్మ్ మీద ఆసక్తి ఉన్నవారు తరచూ అడిగే ప్రశ్న ఒకటే: కొత్తగా వచ్చినది కొనాలా, పాతది వెతికి కొనాలా? రేంజ్‌ఫైండర్ కెమెరాకు ప్రాణం దూరాన్ని కొలిచే యంత్రాంగం. అది సరిగా ఉంటే నలభై ఏళ్ల కెమెరా కూడా కొత్తదానికి దీటుగా పనిచేస్తుంది. అది తప్పితే ఎంత ఖరీదైన లెన్సు తగిలించినా ఫొటోలు మసకగానే వస్తాయి. అయినా చాలామంది బాడీ మీద గీతలు లెక్కపెట్టి, తోలు నిగనిగ చూసి, డబ్బు చెల్లించి, మొదటి రోలు కడిగించాక బాధపడుతున్నారు. డబ్బు చేతులు మారకముందే ఏ పరీక్ష ఎలా చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ధర సంగతి. 2022లో ఎమ్6 అమెరికా ధర 5,295 డాలర్లు, అంటే అప్పటి మారకంలో నాలుగు లక్షల ముప్పై వేల రూపాయలకు పైమాట. ఇది బాడీకి మాత్రమే. లెన్సు వేరు, దిగుమతి సుంకాలు వేరు. ఇంత పెట్టినందుకు దక్కేది పేరు ఒక్కటే అనుకోవడం తప్పు. పైకి పాత రూపమే ఉన్నా లోపలి వ్యూఫైండర్ (కన్ను పెట్టి దృశ్యం చూసే భాగం) 2003లో వచ్చిన లైకా ఎమ్‌పీ కెమెరాది. పాత ఎమ్6లో ఎదురు వెలుగు పడితే మధ్యనున్న ఫోకస్ ప్యాచ్ (దూరం కుదిరిందో లేదో చూపే చిన్న బొమ్మ ముక్క) తెల్లబోయి కనిపించకుండా పోయేది; కొత్తదానిలో ఆ బాధ చాలావరకు తీరింది. పై కప్పు పాతదానిలో జింకు పోత, కొత్తదానిలో ఇత్తడి. పాతవాటిలో జింకు మీది పూత కింద బుడగలు లేవడం మామూలే. లైట్ మీటర్ సర్క్యూటు కొత్తది, పైగా వారంటీ ఉంటుంది. షట్టర్ మాత్రం రెండింటిలోనూ బ్యాటరీ అవసరం లేని గుడ్డ షట్టరే. సెకను నుంచి సెకనులో వెయ్యో వంతు వరకు పనిచేస్తుంది, బ్యాటరీ అయిపోతే మీటర్ ఒక్కటే ఆగుతుంది.

నికాన్ కూడా 1958 నాటి ఎస్3ని 2000లోనూ, 1957 నాటి ఎస్‌పీని 2005లోనూ పరిమిత సంఖ్యలో మళ్లీ చేసింది. వాటిని పెట్టె విప్పకుండా దాచినవారే ఎక్కువ. అలా ఏళ్ల తరబడి కదలని షట్టర్ మీద నాకు నమ్మకం లేదు. రోజూ ఫొటోలు తీసేవారు వాటి జోలికి వెళ్లకూడదు.

కావలసిన సామాను కొంచెమే: కొలత టేపు, చిన్న టార్చి, ట్రైపాడ్, సన్నని అక్షరాలున్న వార్తాపత్రిక, మీ సొంత 50 మిల్లీమీటర్ల లెన్సు. లెన్సు లేకపోతే తెలిసినవారి దగ్గర అరువు తీసుకోండి, అమ్మేవారి లెన్సు ఒక్కదానితో పరీక్ష ముగించవద్దు. 35 మిల్లీమీటర్ల లెన్సు ఈ పనికి పనికిరాదు, దాని ఫోకస్ లోతు (ముందూ వెనుకా స్పష్టంగా వచ్చే దూరం) ఎక్కువ కాబట్టి తప్పులను దాచేస్తుంది.

మొదటి పని షట్టర్. కింది పలక తీసి, వెనుక తలుపు ఎత్తి, గదిలో దీపం ఆర్పి, లెన్సు లేకుండా ముందు నుంచి టార్చి వేయండి. గుడ్డ తెర మీద సూదిమొనంత వెలుగు ఎక్కడైనా కనిపిస్తే అది చిల్లు. ఈ కెమెరాల్లో అద్దం ఉండదు కాబట్టి, మూత పెట్టకుండా లెన్సును సూర్యుడి వైపు వదిలేస్తే ఆ వేడి నేరుగా గుడ్డ మీద కేంద్రీకృతమై కాలుస్తుంది. మన మే నెల ఎండలో దానికి ఎంతోసేపు పట్టదు. తర్వాత సెకను వేగంలో నొక్కి, శబ్దం మధ్యలో తడబడకుండా సాగుతోందో లేదో వినండి. మీటర్‌ను మీ ఫోనులోని మీటర్‌తో నీడలో ఉన్న గోడ మీద పోల్చి చూడండి. ఇక్కడికి తేలిక పనులు అయిపోయాయి.

ఇప్పుడు అసలు పరీక్ష. తొందర ఉన్నవారు ఇక్కడే తప్పు చేస్తారు, కాబట్టి నెమ్మదిగా చదవండి.

కెమెరా ముందు రెండు కిటికీలు ఉంటాయి. ఒకదాని నుంచి దృశ్యం, మరొకదాని నుంచి అదే దృశ్యపు చిన్న ముక్క, అంటే ప్యాచ్, వస్తాయి; లెన్సు తిప్పితే ఆ ముక్క పక్కకు జరిగి, దూరం కుదిరినచోట రెండు బొమ్మలూ ఒకటవుతాయి. ఎమ్6లో రెండు కిటికీల మధ్య ఎడం 69.25 మిల్లీమీటర్లు. వ్యూఫైండర్ దృశ్యాన్ని 0.72 వంతు పరిమాణంలో చూపుతుంది కాబట్టి పనికొచ్చే ఎడం దాదాపు 50 మిల్లీమీటర్లు. 1954 నాటి లైకా ఎమ్3లో దృశ్యం ఇంకా పెద్దగా కనిపిస్తుంది కాబట్టి ఆ ఎడం 62 దాకా ఉంటుంది. ఫోకస్ కచ్చితత్వం విషయంలో ఎమ్3ని ఇప్పటికీ పెద్దవారు మెచ్చుకోవడానికి కారణం ఇదే. అయితే ఎమ్3లో లోపలి పట్టకపు అతుకు విడిపోయి, వ్యూఫైండర్ నల్లబడే ప్రమాదం ఉంది. ఆ భాగం దొరకడం కష్టం, దొరికినా ఖరీదెక్కువ.

దూరపు పరీక్షతో మొదలుపెట్టండి. లెన్సును ఇన్ఫినిటీ (అనంత దూరం) గుర్తు దగ్గర ఆగేదాకా తిప్పి, దూరపు వస్తువును చూస్తే రెండు బొమ్మలూ పూర్తిగా కలవాలి. ఎంత దూరం అనేదే అసలు విషయం. ఎదురింటి డాబా మీది నీళ్ల ట్యాంకు చూసి ఇన్ఫినిటీ తప్పిందని గొడవపడేవారిని చాలామందిని చూశాను. డిగ్రీలో అరవయ్యో వంతు తేడాను మంచి చూపు పసిగడుతుంది. వంద మీటర్ల దూరంలో ఉన్న వస్తువు దగ్గర ఎమ్6 చూపే తేడా దానికి ఒకటిన్నర రెట్ల పైనే ఉంటుంది. అంటే కెమెరాలో ఏ లోపం లేకపోయినా మీకు రెండు బొమ్మలు విడిగా కనిపిస్తాయి. కిలోమీటరు దూరంలో ఆ తేడా కంటికి అందనంతగా తగ్గిపోతుంది. కాబట్టి కిలోమీటరుకు తక్కువైన వస్తువును ఈ పరీక్షకు వాడకూడదు.

విజయవాడవారికి ఇందుకు కృష్ణ ఒడ్డును మించిన చోటు లేదు. 1957లో ప్రారంభమైన ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు; దాని ఎగువన దుర్గా ఘాట్ వైపు నిలబడి సీతానగరం ఒడ్డును చూస్తే దూరం సరిపోతుంది. అవతలి ఒడ్డున కరెంటు టవర్లు, స్తంభాలు వంటి నిలువు గీతలున్న వస్తువును ఎంచుకోండి. ప్యాచ్ పక్కలకు జరుగుతుంది కాబట్టి నిలువు అంచు మీదే తేడా తెలుస్తుంది. కొండ వాలునో, చెట్ల గుబురునో చూస్తే ఏమీ తేలదు. గుంటూరు వైపు వారికి పదకొండు అంతస్తుల మంగళగిరి గాలిగోపురం కిలోమీటరు అవతలి నుంచి బాగా పనికొస్తుంది.

ఉదయం ఏడు గంటలకే వెళ్లాలి. ఎండెక్కాక ఇసుక తిన్నెల మీద నుంచి వేడి గాలి లేచి, దూరపు అంచులు వణుకుతాయి. ఆ వణుకులో బొమ్మలు కలిశాయో లేదో ఎవరూ చెప్పలేరు. ఉదయం కుదరకపోతే రాత్రి చూడండి: దూరపు టవరు మీది ఎర్రదీపం గానీ, చంద్రుడి అంచు గానీ చాలా స్పష్టమైన గుర్తు. నా మటుకు చంద్రుడే అన్నిటికంటే నమ్మదగిన గుర్తు.

కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి, కన్నును వ్యూఫైండర్ మధ్యకు తెచ్చి చూడాలి. కన్ను పక్కకు పోతే ప్యాచ్ సగం కోసినట్టు కనిపించి, లేని లోపం ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. మరో హెచ్చరిక ఉంది. ఈ వ్యూఫైండర్‌లోని బొమ్మ దాదాపు రెండు మీటర్ల దూరంలో ఉన్నట్టుగా కన్నుకు అందుతుంది కాబట్టి, దూరపు చూపుకు అద్దాలు వాడేవారు అవి పెట్టుకునే చూడాలి, చదువుకునే అద్దాలు పెట్టుకోకూడదు. రేంజ్‌ఫైండర్ పాడైందని నా దగ్గరికి తెచ్చిన కొన్ని కెమెరాల్లో లోపమేమీ లేదు, చూసినవారి అద్దాలే మార్చవలసి వచ్చింది.

ఇన్ఫినిటీ దగ్గర బొమ్మలు పక్కలకు కలవకపోతే అది ఫోకస్ లోపం. పైకీ కిందికీ తేడా ఉంటే ఫోకస్ చెడదు, ప్యాచ్ చూడడం మాత్రం కష్టమవుతుంది. ఎమ్6లో దాన్ని సరిచేసే స్క్రూ ముందున్న ఎర్ర బిళ్ల వెనుక ఉంటుంది. అమ్మేవారు ఆ క్షణంలోనే స్క్రూడ్రైవరు తీసి సరిచేస్తానంటే ఒప్పుకోవద్దు. ఇన్ఫినిటీని మాత్రం కుదిర్చి దగ్గరి దూరాలను వదిలేస్తే కెమెరా మొదటికంటే మోసకారిగా తయారవుతుంది.

అందుకే దగ్గరి పరీక్ష తప్పనిసరి. వార్తాపత్రికను గోడకు నిటారుగా అంటించి, ఫిల్మ్ ఉండే తలం నుంచి సరిగ్గా ఒక మీటరు టేపుతో కొలవండి. లెన్సు ముందు నుంచి కొలిస్తే కొలతే తప్పు. ప్యాచ్‌లో అక్షరం అంచు కలిసేలా తిప్పి, లెన్సు మీది అంకె చూడండి. అది ఒక మీటరు గీత మీదో, దానికి అంటుకునో ఉండాలి. తర్వాత ఎమ్6 దగ్గరి హద్దయిన 0.7 మీటర్ల దగ్గర మళ్లీ చేయండి. 50 మిల్లీమీటర్ల లెన్సు అపర్చర్‌ను (వెలుగు లోపలికి వచ్చే రంధ్రాన్ని) ఎఫ్/2 దగ్గర బాగా తెరిచి ఉంచితే, ఒక మీటరు దూరంలో, స్పష్టంగా వచ్చే లోతు మొత్తం ఐదు సెంటీమీటర్లకు లోపే. అంటే ముందుకు రెండున్నర, వెనక్కి రెండున్నర. మనిషి ముఖం తీసేటప్పుడు కంటికీ చెవికీ మధ్య ఉన్న ఎడం దానికంటే ఎక్కువ. ఈ పరీక్షలో నేను ఏమాత్రం సడలింపు ఇవ్వకపోవడానికి కారణం అదే.

ఇంతటితో ఆగకండి, లెన్సు అంకెలే తప్పుగా చెక్కి ఉండవచ్చు. ఒక గాజు ముక్కకు ఒకవైపు గరుకు టేపు అంటించి, వెనుక తలుపు ఎత్తి, ఫిల్మ్ కూర్చునే లోపలి పట్టాల మీద, టేపు వైపు లెన్సుకు ఎదురుగా ఉండేలా ఆనించండి. షట్టర్‌ను ‘బి’లో (నొక్కి ఉంచినంతసేపూ తెరిచి ఉండే అమరికలో) తెరిచి పట్టుకుని, అపర్చర్ పూర్తిగా తెరిచి, భూతద్దంతో ఆ తెర మీది అక్షరాలు చూడండి. ప్యాచ్ కలిసినచోటే అక్షరాలు కూడా పదునుగా ఉంటే కెమెరా, లెన్సు రెండూ ఒకదానికొకటి సరిపోయాయి. గాజు ముక్క వెడల్పు ఎక్కువై బయటి పట్టాల మీద కూర్చుంటే లేని తప్పు చూపిస్తుంది, కాబట్టి దాన్ని 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ కంటే కొంచెం సన్నగా కోయించండి. ఒక రోలు తీసి చూస్తే సరిపోతుందని కొందరు చెబుతారు. రోలు కడిగించి, స్కాన్ చేయించి, ఫలితం చేతికి వచ్చేసరికి తిరిగి ఇచ్చే గడువు దాటిపోతుంది. పైగా అందులో చేయి కదిలిందా, ఫోకస్ తప్పిందా అన్నది తేలదు. గాజు ముక్క పద్ధతిలో పది నిమిషాల్లో నిజం తెలుస్తుంది.

రెండో లెన్సుతోనూ ఇదే చేయండి. ఒక లెన్సుతో తప్పు, మరొక లెన్సుతో ఒప్పు వస్తే లోపం లెన్సులో ఉంది, కెమెరాను తిట్టవద్దు. మర లెన్సులను (మరలా తిప్పి బిగించే పాత రకం లెన్సులను) అడాప్టర్‌తో పెట్టేవారు అడాప్టర్ మందం కూడా అనుమానించాలి. సోవియట్ జూపిటర్ లెన్సులు దగ్గరి దూరాల్లో లైకాతో సరిగా కుదరవని అందరికీ తెలిసినదే, వాటితో ఈ పరీక్ష చేయనే చేయకండి.

చివరగా లెన్సులో టార్చి వేసి, బూజు తీగల్లాంటివి ఉన్నాయేమో చూడండి. మన తీరపు తేమలో ఫంగస్ త్వరగా పెరుగుతుంది. గాజును తినేసిన బూజును తుడిచినా మచ్చ పోదు. అలాంటి లెన్సు ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోకండి.

ఇక బేరం. ఇన్ఫినిటీ, దగ్గరి దూరం రెండూ కుదిరిన పాత ఎమ్6 దొరికితే, సర్వీసింగ్ ఖర్చు కలుపుకుని కూడా కొత్తదాని ధరలో మూడింట రెండు వంతులు దాటకపోతే, పాతదే కొనండి. మిగిలిన డబ్బు మంచి 50 లెన్సుకూ ఫిల్మ్‌కూ పనికొస్తుంది. పక్కల తేడా మాత్రమే ఉంటే ధర తగ్గించుకుని, ఈ పని తెలిసిన సర్వీసు వారికే పంపండి. ప్యాచ్ మసకబారినా, వ్యూఫైండర్‌లో నల్లమచ్చ కనిపించినా, మీటర్ సర్క్యూటు చచ్చిపోయినా వదిలేయండి. పరీక్షించే ఓపిక, తోడు వచ్చే తెలిసిన మనిషి లేనివారు కొత్త ఎమ్6 కొనడమే సరి, అయితే డబ్బా విప్పిన రోజే దానికి కూడా ఈ పరీక్షలన్నీ చేసి, తేడా ఉంటే వారంటీలో వెంటనే మార్పించుకోవాలి. కొన్నాక స్కూటర్ డిక్కీలో పెట్టి తిప్పవద్దు. అక్కడి వేడి, కుదుపు రేంజ్‌ఫైండర్‌కు చేటు చేస్తాయి.