లాడం ముక్కు గబ్బిలం పిల్లల వినికిడి ఎదుగుదల: అరుపును బట్టి కొలవడం ఎలా

దక్షిణ భారత్, శ్రీలంక గుహల్లో ఉండే రైనోలోఫస్ రౌక్సీ గబ్బిలం ముక్కుతో దాదాపు 80 కిలోహెర్ట్జ్ దగ్గర ఒకే శ్రుతిలో సాగదీసి అరుస్తుంది. దాని లోచెవిలో, నడిమెదడులో పెద్ద వాటా ఆ సన్నటి పట్టీకే పోతుంది. పసిపిల్లలో అదే భాగం ఇంకా కింది శ్రుతులకు పలుకుతుంది. మూడో వారం నుంచి ఐదో వారం లోపు అరుపు, వినికిడి రెండూ పైకి జరుగుతాయి. చెవుడు కలిగించిన పిల్లల అరుపు తన శ్రుతికి కుదురుకోలేదని 1990లో రుబ్‌సామెన్, షేఫర్ అనే పరిశోధకులు చూపించారు. కాబట్టి వారం వారం అరుపు కొలిస్తే వినికిడి ఏ దశలో ఉందో అంచనా దొరుకుతుంది. అంచనా మాత్రమే; అసలు వినికిడి తేలాలంటే ల్యాబ్‌లో మత్తిచ్చి, ఎలక్ట్రోడ్లతో మెదడు స్పందన చూడాల్సిందే.

ముందు అటవీ శాఖ అనుమతి, రేబిస్ టీకా, చేతికి తోలు గ్లౌజులు, గుహలో ఎన్‌95 మాస్క్. ఇవి లేకుండా గుహలో అడుగు పెట్టొద్దు.

పిల్ల వయసు అంచనా వేయడానికి ముంజేతి ఎముకను కాలిపర్‌తో 0.1 మిల్లీమీటరు వరకు కొలవండి. పని నిమిషాల్లో ముగించి తల్లి దగ్గరికి చేర్చండి. చల్లబడిన పిల్ల సరిగా అరవదు, రికార్డింగ్ దండగ.

అల్ట్రాసోనిక్ మైకును అర మీటరు దూరంలో, కదలకుండా వేలాడే పిల్ల ముక్కుకు ఎదురుగా పెట్టండి. పక్కనుంచి తీస్తే పై శ్రుతులు పలచబడతాయి. ఎగురుతున్నప్పుడు తీసింది పనికిరాదు: సెకనుకు 4 మీటర్ల వేగంతో మైకు వైపు వస్తే 80 కిలోహెర్ట్జ్ అరుపు దాదాపు 0.9 కిలోహెర్ట్జ్ ఎక్కువగా కనిపిస్తుంది.

ఎక్కువమంది బోల్తాపడేది శాంప్లింగ్ (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలిచి రాసుకోవాలన్నది) దగ్గర. 192 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేసి, పై శ్రుతులను ఆపే ఫిల్టర్ సరిగా లేకపోతే, 120 దగ్గరున్న మూడో హార్మోనిక్ (అరుపులో అన్నిటికంటే కింద ఉండే మూల శ్రుతికి మూడు రెట్లున్నది) మడతపడి, అంటే చోటు మారి, 72 దగ్గర తేలుతుంది. దాన్ని ఎదిగే పిల్ల శ్రుతి అనుకుని రాసేసుకుంటారు! 384 పెట్టండి, ఈ గొడవే ఉండదు. గెయిన్ (రికార్డర్ శబ్దాన్ని పెంచే మోతాదు) తగ్గించే ఉంచండి. అల పైన కత్తిరించినట్టు చదునుగా ఉంటే లేని హార్మోనిక్‌లు పుడతాయి.

స్పెక్ట్రోగ్రామ్‌కు (ఏ క్షణంలో ఏ శ్రుతి ఉందో చూపే చిత్రం) 4096 పాయింట్ల ఎఫ్ఎఫ్‌టీ (శబ్దాన్ని శ్రుతులుగా విడదీసే లెక్క) తీసుకుంటే ఒక్కో గడి 94 హెర్ట్జ్ అవుతుంది. అరుపు మధ్యలోని చదునైన భాగంలోనే కొలవండి. పెద్దవాటిలో బలమైనది రెండో హార్మోనిక్ (పైన చెప్పిన 80 ఇదే), పసివాటిలో మూల శ్రుతి కూడా గట్టిగానే ఉంటుంది. ఒక వారం మూల శ్రుతి, మరో వారం రెండోది రాస్తే గ్రాఫ్ ఒక్కసారిగా రెట్టింపు ఎగురుతుంది. అన్ని హార్మోనిక్‌లూ విడివిడి వరుసల్లో రాసుకోండి. తల్లిని పిలిచే అరుపులు వంకర్లు తిరుగుతుంటాయి, వాటిని ఈ లెక్కలో కలపకండి.