ఆఫీసు కంప్యూటర్ల సపోర్టు – 6వ పాఠం: ప్రింట్ ఎక్కడ ఆగింది?

గత పాఠంలో రూటర్ ఐపీ అడ్రస్‌లను ఎలా పంచుతుందో, పింగ్ కొట్టి ఒక యంత్రం పలుకుతోందో లేదో ఎలా తెలుసుకోవాలో చూశాం. ఆ రెండూ ఈ పాఠంలో మళ్లీ కావాలి. అవి ఇంకా చేతికి రాకపోతే ఒకసారి వెనక్కి వెళ్లి రండి.

"ప్రింట్ రావట్లేదండీ" అనే ఒక్క మాట వెనక కనీసం పది వేర్వేరు జబ్బులుంటాయి. మాట ఒకటే కదా అని మందు కూడా ఒకటే వేసేవాళ్లు చాలామంది. వెళ్లగానే డ్రైవర్, అంటే ప్రింటర్‌తో మాట్లాడటానికి కంప్యూటర్‌లో ఎక్కించే సాఫ్ట్‌వేర్, తీసేసి మళ్లీ ఎక్కిస్తారు. అరగంట పోతుంది, ఆ మనిషి పెట్టుకున్న సెట్టింగులు పోతాయి, జబ్బు మాత్రం వేరేచోట అలాగే ఉంటుంది. డ్రైవర్ మార్చడం ఆఖరున చేయాల్సిన పని.

ప్రింట్ నడిచే దారి ముందు మనసులో పెట్టుకోండి. వర్డ్‌లో ప్రింట్ నొక్కగానే ఆ పేజీని డ్రైవర్ అందుకుని ప్రింటర్‌కి అర్థమయ్యే భాషలోకి మారుస్తుంది. స్పూలర్ అనే విండోస్ సర్వీసు దాన్ని హార్డ్ డిస్క్ మీద ఫైలుగా రాసి వరుసలో నిలబెడుతుంది. ఈ వరుసనే క్యూ అంటాం. తన వంతు రాగానే పోర్టు ద్వారా, అంటే యూఎస్‌బీ తీగ మీదుగానో నెట్‌వర్క్ మీదుగానో, ప్రింటర్‌కి చేరుతుంది. అక్కడ కాగితం, టోనర్, వేడి కలిస్తే పేజీ బయటికొస్తుంది. మన పని ఇందులో ఎక్కడ ఆగిందో కనిపెట్టడమే.

సీటు దగ్గరికి వెళ్లాక మౌస్ పట్టుకోకముందే రెండు ప్రశ్నలు అడగండి. "మీ ఒక్కరికేనా, పక్కవాళ్లకి కూడానా?" "ఈ ఫైలు ఒక్కటేనా, ఏది ఇచ్చినా ఇంతేనా?" అందరికీ రాకపోతే ప్రింటర్‌నో నెట్‌వర్క్‌నో చూడాలి, ఆ సీటులోని కంప్యూటర్‌ని విప్పి లాభం లేదు. ఒక్క ఫైలుకే అయితే ఆ ఫైలులోనో దాని పేజీ సైజులోనో ఉంది లోపం. ఏది ఇచ్చినా రాకపోతే నోట్‌ప్యాడ్ తెరిచి రెండు లైన్లు కొట్టి ప్రింట్ ఇవ్వండి, వెంటనే క్యూ కిటికీ తెరిచి చూడండి.

అక్కడ మూడింటిలో ఒకటి కనిపిస్తుంది. క్యూ ఖాళీగా ఉండి ఈ ప్రింటర్‌లో ఏమీ రాలేదంటే ప్రింట్ వేరేచోటికి వెళ్లింది. క్యూలో పేరు కూర్చుని కదలకపోతే స్పూలర్‌లోనో పోర్టులోనో ఆగింది. క్యూ ఖాళీ అయింది, ప్రింటర్ మీద లైటు మినుకుమంటోంది అంటే ప్రింటర్ దాకా చేరి అక్కడ ఆగింది.

వేరేచోటికి వెళ్లిన ప్రింట్

విండోస్ 10 నుంచి డిఫాల్ట్ ప్రింటర్‌ని, అంటే మనం వేరే పేరు చెప్పకపోతే ప్రింట్ వెళ్లే ప్రింటర్‌ని, విండోసే ఎంచుకునే ఏర్పాటు ఒకటి ఉంది. మీరు చివరిసారి వాడిన ప్రింటర్‌ని అది డిఫాల్ట్ చేసేస్తుంది. ఒకసారి పై అంతస్తు ప్రింటర్‌కి ఏదైనా ఇస్తే, ఆ తర్వాత ఇచ్చినవన్నీ అక్కడికే పోతుంటాయి. జీతాల కాగితాలు ఇలా ఎవరి చేతిలోనో పడటం చిన్న విషయం కాదు. సెట్టింగ్స్‌లో ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌కి వెళ్లి, "లెట్ విండోస్ మేనేజ్ మై డిఫాల్ట్ ప్రింటర్" దగ్గర టిక్ తీసేసి, సరైన ప్రింటర్‌ని మీరే డిఫాల్ట్ చేయండి. కొత్త కంప్యూటర్ సీటులో పెట్టేటప్పుడే ఈ టిక్ తీసే అలవాటు చేసుకుంటే సగం ఫోన్లు తగ్గుతాయి.

క్యూలో కదలని ఫైలు

ఈ పాఠానికి గుండెకాయ ఇదే. క్యూలో ఒక పేరు "డిలీటింగ్" అని చూపిస్తూ గంటయినా పోదు. దాని వెనక మిగతావాళ్లవి వరుసగా నిలబడిపోతాయి. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టినా అదే పేరు అక్కడే ఉంటుంది. ఎందుకంటే స్పూలర్ దాన్ని మెమరీలో కాదు, డిస్క్ మీద రాసి పెట్టుకుంది. సి డ్రైవ్‌లో విండోస్, అందులో సిస్టమ్32, అందులో స్పూల్, అందులో ప్రింటర్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. ప్రతి ప్రింట్‌కీ అక్కడ రెండు ఫైళ్లు పుడతాయి. ఎస్‌పీఎల్ అని ముగిసేది అసలు పేజీల సరుకు. ఎస్‌హెచ్‌డీ అని ముగిసేదాంట్లో ఎవరు ఇచ్చారు, ఏ ప్రింటర్‌కి ఇచ్చారు వంటి వివరాలు ఉంటాయి. స్పూలర్ మొదలైన ప్రతిసారీ ఈ ఫోల్డర్ చూసి, మిగిలినవాటిని మళ్లీ క్యూలో నిలబెడుతుంది. అందుకే రీస్టార్ట్‌తో పని జరగదు.

తీసేముందు ఒక జాగ్రత్త. ఈ ఫోల్డర్ ఆ కంప్యూటర్‌లోని అన్ని ప్రింటర్లకీ ఉమ్మడి. ఆ కంప్యూటర్ నుంచి ప్రింటర్ షేర్ అయి ఉంటే పక్కవాళ్లు ఇచ్చినవీ ఇక్కడే ఉంటాయి. "ఇప్పుడు క్యూ ఖాళీ చేస్తున్నాం, ఇచ్చినవాళ్లు మళ్లీ ఇవ్వాలి" అని గదిలో ఒక మాట చెప్పండి. వాళ్ల అసలు ఫైళ్లకేమీ కాదు, ప్రింట్ కోసం చేసిన నకలే పోతుంది.

స్టార్ట్‌లో సీఎండీ అని వెతికి, రైట్ క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఇవ్వండి. మామూలుగా తెరిస్తే "సిస్టమ్ ఎర్రర్ 5, యాక్సెస్ ఈజ్ డినైడ్" అని తిప్పి పంపుతుంది. నల్ల కిటికీలో ఇంగ్లిషు అక్షరాల్లో నెట్ స్టాప్ స్పూలర్ అని మూడు మాటలు కొట్టి ఎంటర్ నొక్కండి. ఆగినట్టు సందేశం వచ్చేదాకా ఆగండి, అది రాకుండా ఫైళ్లు తీయబోతే వాడకంలో ఉన్నాయని ఒప్పుకోదు. తర్వాత ఆ ప్రింటర్స్ ఫోల్డర్ తెరవండి. అనుమతి అడిగితే కంటిన్యూ నొక్కండి. లోపలి ఫైళ్లన్నీ తీసేయండి, ఫోల్డర్‌ని మాత్రం ఉంచండి. మళ్లీ నల్ల కిటికీలో నెట్ స్టార్ట్ స్పూలర్ కొట్టండి. నోట్‌ప్యాడ్‌లోని రెండు లైన్లు మళ్లీ ఇవ్వండి.

వచ్చిందా? అయితే ఇరుక్కున్న ఫైలు ఏదో అడిగి రాసుకోండి. బొమ్మలతో బరువెక్కిన పీడీఎఫ్ అయితే, రేపు మళ్లీ ఇస్తే మళ్లీ ఇరుక్కుంటుంది. అడోబ్ రీడర్‌లో ప్రింట్ కిటికీలో అడ్వాన్స్‌డ్ నొక్కితే "ప్రింట్ యాజ్ ఇమేజ్" అని ఉంటుంది, అది టిక్ చేసి ఇవ్వమనండి. తెర మీద తెలుగు బాగానే కనిపించి కాగితం మీద మాత్రం డబ్బాలు, విరిగిన ఒత్తులు పడే పీడీఎఫ్‌లకు కూడా ఈ టిక్కే దారి. అక్షరాలను అక్షరాలుగా కాక బొమ్మగా పంపుతుంది కాబట్టి ప్రింటర్ వాటిని తప్పుగా చదివే అవకాశం ఉండదు. వర్డ్ ఫైలులో తెలుగుకు బదులు అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు కనిపిస్తే అది ప్రింటర్ జబ్బు కాదు. ఆ ఫైలు అను వంటి యూనికోడ్ కాని ఫాంటులో టైప్ చేసి ఉంటుంది, ఈ కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేదు. పంపినవాళ్లనే పీడీఎఫ్ చేసి పంపమనడం తేలిక.

స్పూలర్ మొదలుపెట్టిన నిమిషానికే తనంతట తాను ఆగిపోతుంటే, అప్పుడే డ్రైవర్‌ని అనుమానించండి. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి, ప్రింట్‌యూఐ అని రాసి, స్పేస్ ఇచ్చి /ఎస్, మళ్లీ స్పేస్ ఇచ్చి /టీ2 అని కొట్టండి. ఎక్కించిన డ్రైవర్ల జాబితా వస్తుంది. ఎప్పుడో తీసేసిన ప్రింటర్ల డ్రైవర్లు కూడా ఇక్కడ పడి ఉంటాయి. వాటిని ప్యాకేజీతో సహా తీసేయండి. "వాడకంలో ఉంది" అంటే స్పూలర్‌ని ఒకసారి ఆపి, మొదలుపెట్టి, వెంటనే తీయండి.

ఆఫ్‌లైన్ అని చూపిస్తే

ప్రింటర్ ఎదురుగా పచ్చ లైటుతో ఉంది, కంప్యూటర్ మాత్రం ఆఫ్‌లైన్ అంటోంది. నెట్‌వర్క్ ప్రింటరైతే ముందు అనుమానించాల్సింది కరెంటు పోయి వచ్చిందా అని. రూటర్ మళ్లీ లేచినప్పుడు ప్రింటర్‌కి వేరే ఐపీ ఇచ్చి ఉండొచ్చు. నిన్నటిదాకా చివర 40 ఉన్నది ఇవాళ 47 అవుతుంది, కంప్యూటర్ ఇంకా 40నే పిలుస్తుంటుంది. ప్రింటర్ మెనూలోనో, అది అచ్చువేసే కాన్ఫిగరేషన్ పేజీలోనో ఇప్పటి ఐపీ చూడండి. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్ అనే ట్యాబ్‌లో ఉన్న ఐపీతో పోల్చండి. తేడా ఉంటే పోర్టు మార్చడంతో ఇవాళ్టి పని నడుస్తుంది. కానీ అక్కడితో ఆపేస్తే వచ్చే కరెంటు కోతకి మళ్లీ ఇదే ఫోన్. రూటర్‌లో ప్రింటర్ మ్యాక్ అడ్రస్‌కి, అంటే దాని నెట్‌వర్క్ భాగానికి ఉండే సొంత గుర్తింపు సంఖ్యకి, ఒక ఐపీని రిజర్వ్ చేయండి. పూర్తయిన పని అంటే అది.

రెండు ఐపీలూ ఒకటే, పింగ్‌కి జవాబూ వస్తోంది, అయినా ఆఫ్‌లైనే అంటే అదే పోర్ట్స్ ట్యాబ్‌లో కాన్ఫిగర్ పోర్ట్ నొక్కండి. అడుగున "ఎస్‌ఎన్‌ఎంపీ స్టేటస్ ఎనేబుల్డ్" అని టిక్ ఉంటుంది. విండోస్ ఆ పద్ధతిలో ప్రింటర్ యోగక్షేమం అడుగుతుంది. ప్రింటర్ దానికి బదులివ్వకపోతే, ప్రింట్ తీసుకోవడానికి సిద్ధంగా ఉన్నా ఆఫ్‌లైన్ ముద్ర వేస్తుంది. టిక్ తీసేయండి. పోర్టు పేరు డబ్ల్యూఎస్‌డీ అని మొదలైతే, కొత్తగా స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్టు చేసి దానికి మార్చడం మేలు. ఎక్కువ ప్రింటర్లు 9100 నంబరు పోర్టు మీద వింటాయి.

యూఎస్‌బీ ప్రింటరైతే జాబితాలో అదే పేరు రెండుసార్లు ఉందేమో చూడండి. రెండోదాని పక్కన "కాపీ 1" అని ఉంటుంది. ఊడ్చేటప్పుడో టేబుల్ జరిపేటప్పుడో తీగ తీసి వేరే రంధ్రంలో పెట్టి ఉంటారు. విండోస్ దాన్ని కొత్త ప్రింటర్ అనుకుంది, పాతది ఆఫ్‌లైన్ అయింది. తీగను పాత రంధ్రంలోనే పెట్టండి, కాపీని తీసేయండి, ఆ రంధ్రం పక్కన చిన్న స్టిక్కర్ అంటించండి. తీగ పొడవు 5 మీటర్లు దాటకూడదు. గది అవతలికి లాగాలని రెండు తీగలు కలిపితే ప్రింటర్ ఉండీ లేనట్టు కనిపిస్తుంది.

షేర్ చేసిన ప్రింటర్‌ని కలపబోతే చివర 11బి అని ఎర్రర్ కోడ్ వస్తే అది వేరే కథ. 2021 సెప్టెంబరు అప్‌డేట్‌తో మైక్రోసాఫ్ట్ షేర్డ్ ప్రింటింగ్‌కి భద్రత బిగించింది. రెండు కంప్యూటర్లలో ఒకటి పాత అప్‌డేట్ల మీదే ఉంటే ఇలా గొడవపడతాయి. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఒక విలువను సున్నా చేస్తే పోతుందని చాలామంది చెబుతారు. పోతుంది, దాంతోపాటు ఆ రక్షణా పోతుంది. రెండింటికీ అప్‌డేట్లు పూర్తిచేయండి. ప్రింటర్‌కి నెట్‌వర్క్ సౌకర్యం ఉంటే షేరింగ్ మానేసి, ప్రతి కంప్యూటర్‌నీ నేరుగా దాని ఐపీకే కలపండి.

ప్రింటర్ దగ్గరే ఆగితే

క్యూ ఖాళీ, కాగితం ఉంది, లైటు మాత్రం మినుకుమంటోంది. కాగితం సరిచేసి విసిగిపోయేముందు పేజీ సైజు చూడండి. విండోస్ అమెరికా సెట్టింగులతో ఎక్కిస్తే కొత్త ఫైళ్లు లెటర్ సైజులో పుడతాయి, అంటే 216×279 మిల్లీమీటర్లు. ట్రేలో ఉన్నది ఏ4, అంటే 210×297. లెటర్ కాగితం పెట్టమని ప్రింటర్ ఎదురుచూస్తుంటుంది. ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్‌లో ఏ4 చేస్తే అది ఆ ఒక్క యూజర్‌కే. ఆ కంప్యూటర్ వాడే అందరికీ వర్తించాలంటే ప్రింటర్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్, అందులో ప్రింటింగ్ డిఫాల్ట్స్‌లో మార్చాలి. ఈ తేడా తెలియక ఒకే ప్రింటర్ మీద నాలుగుసార్లు ఇదే పని చేసేవాళ్లున్నారు.

కాపీ తీసే ప్రింటరైతే గాజు మీద కాగితం పెట్టి కాపీ కొట్టండి. కాపీ వస్తే యంత్రం బాగుంది, మళ్లీ కంప్యూటర్ వైపే చూడాలి. కాపీ కూడా రాకపోతేనే మూత తెరవండి. కాగితం లాగకపోతే, ట్రే నుంచి దాన్ని లోపలికి లాగే రబ్బరు చక్రం, అంటే పికప్ రోలర్, నునుపెక్కింది. కరెంటు తీసేసి, నూలు రాలని గుడ్డను కొద్దిగా నీళ్లతో తడిపి తుడవండి. ఒకేసారి రెండు మూడు లాగితే, కాగితాలను విడదీసే సెపరేషన్ ప్యాడ్ అరిగింది, అది మార్చాలి. వర్షాకాలంలో మాత్రం ముందు కాగితాన్నే అనుమానించండి. విప్పిన కట్ట తేమ పట్టి అంచులు వంకర తిరుగుతుంది. ఇరుక్కున్న కాగితాన్ని అది వెళ్లే దిశలోనే రెండు చేతులతో మెల్లగా లాగాలి. వెనక్కి గుంజితే ముక్క లోపల మిగులుతుంది, స్క్రూడ్రైవర్‌తో గీరితే, టోనర్‌ని వేడితో కాగితానికి అంటించే ఫ్యూజర్ మీది పొర చిరుగుతుంది.

లేజర్ ప్రింటర్‌ని కంప్యూటర్ యూపీఎస్‌కి ఎప్పుడూ తగిలించకండి. 600 వీఏ యూపీఎస్ ఇవ్వగలిగేది దాదాపు 360 వాట్లు. ఫ్యూజర్ వేడెక్కే క్షణంలో ప్రింటర్ ఒక్కటే ఎన్నో వందల వాట్లు లాగుతుంది. యూపీఎస్ కీచుమని ఆగిపోతుంది, పక్కనున్న కంప్యూటర్ దాంతోపాటే పోతుంది. "ప్రింట్ ఇస్తే కంప్యూటర్ ఆగిపోతోంది" అనే ఫోను వస్తే మొదట ప్లగ్గు చూడండి.

అభ్యాసం

మీ కంప్యూటర్‌లో క్యూ కిటికీ తెరిచి ప్రింటర్‌ని పాజ్ చేయండి. నోట్‌ప్యాడ్ నుంచి రెండు ప్రింట్లు ఇవ్వండి. ప్రింటర్స్ ఫోల్డర్ తెరిచి ఎస్‌పీఎల్, ఎస్‌హెచ్‌డీ ఫైళ్లు కలిపి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. కంప్యూటర్ రీస్టార్ట్ చేసి మళ్లీ లెక్కపెట్టండి. ఇప్పుడు పైన చెప్పిన వరుసలో స్పూలర్ ఆపి, ఖాళీ చేసి, మొదలుపెట్టండి. ఆ తర్వాత విండోస్‌లో జరిగినవన్నీ రాసిపెట్టే ఈవెంట్ వ్యూయర్‌లో మైక్రోసాఫ్ట్, విండోస్, ప్రింట్‌సర్వీస్ కిందున్న ఆపరేషనల్ లాగ్‌ని ఎనేబుల్ చేయండి, మామూలుగా అది ఆపేసి ఉంటుంది. ప్రింటర్ పాజ్ తీసేసి ఒక పేజీ అచ్చువేసి, 307 నంబరుతో వచ్చిన ఎంట్రీ తెరవండి. ఎవరు, ఏ ప్రింటర్‌కి, ఎన్ని పేజీలు ఇచ్చారో అందులో రాసి ఉంటుంది. "నేను ఇచ్చాను, రాలేదు" అన్నప్పుడు చూడాల్సింది అక్కడే.